తురాయి చెట్టు మొదట్లో నేను కోసిన పుట్టగొడుగు

పదవీ విరమణ సభలో నాకు శాలువా కప్పాక ఒకాయన మైకు అందుకుని, "చెక్కను కుళ్ళబెట్టే పుట్టగొడుగుల గురించి మన మాస్టారికి తెలిసినంత ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియదు" అన్నాడు. నేను తల దించుకున్నాను. వినయం అనుకుని జనం ఇంకాస్త గట్టిగా చప్పట్లు కొట్టారు. అది వినయం కాదు, సిగ్గు. ఆయన అన్నది నిజం కాబట్టే సిగ్గు. తెలియక చేసినవాడికి ఒక సాకైనా ఉంటుంది, నాకు అదీ లేదు.

ఉదయగిరిలో కొన్నేళ్ళు, ఆత్మకూరులో మిగతా సర్వీసంతా, డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పాను. ఈ మధ్యనే లెక్చరర్లుగా చేరిన నా పాత విద్యార్థులు కొందరు వచ్చి, మీ అనుభవాలు రాసిపెట్టండి సార్, మాకు పనికొస్తాయి అన్నారు. బదిలీలు, ప్రమోషన్లు, ఇన్‌స్పెక్షన్లు వాళ్ళకెలాగూ తప్పవు, వాటి గురించి నేను చెప్పేదేముంది? చెప్పాల్సింది ఒకటే ఉంది. ఆ రోజు తల ఎందుకు దించుకున్నానో అది.

ముందు సరుకు సంగతి

చెట్టు మొదట్లోనో, ఎండు కొమ్మ మీదో, పాత దూలం మీదో అరలాగా పొడుచుకొచ్చే గట్టి పుట్టగొడుగులు మీరు చూసే ఉంటారు. కూర వండుకునేవి కావు. పైకి కనిపించేది దాని కాయ మాత్రమే. అసలు ఒళ్ళంతా సన్నటి దారాలై చెక్క లోపల ఏళ్ళ తరబడి తింటూ ఉంటుంది. బయట అర కనిపించిందంటే లోపల పని ఎప్పుడో మొదలైందని అర్థం. ఈ ముక్క గుర్తుంచుకోండి, మిగతాదంతా దీని మీదే నడుస్తుంది.

వీటిని జట్లుగా విడదీయడానికి మేం ముందు తిరగేసి అడుగు భాగం చూసేవాళ్ళం. సన్నటి రంధ్రాలుంటే ఒక జట్టు, రేకులుంటే ఒకటి, ముళ్ళుంటే ఒకటి, నున్నగా ఉంటే ఇంకొకటి. ఇప్పుడు జన్యువులు చదివి ఆ జట్లన్నీ చెదరగొట్టారు. అన్నదమ్ములనుకున్నవి దూరపు చుట్టాలు కూడా కావని తేలింది. నేను పిల్లల చేత బట్టీ పట్టించిన పట్టికలో సగం ఇప్పుడు చెల్లదు, అందుకు వాళ్ళు నన్ను తిట్టుకోవచ్చు. అయినా రోడ్డు మీద నిలబడి చూసేటప్పుడు ఇప్పటికీ అడుగు భాగమే చూడాలి. మన దగ్గర రంధ్రాల జట్టే ఎక్కువ. తుప్పు రంగులో రాయిలా గట్టిగా ఉండి, పొటాష్ నీళ్ళ చుక్క పడగానే నల్లబడేది ఫెల్లినస్. పైన లక్క పూసినట్టో పెంకు కట్టినట్టో ఉండి, అడుగున తెల్లగా ఉండి, గోటితో గీస్తే గోధుమ రంగు గీత పడేది గానోడెర్మా. దీని బీజాల పొడి ఇటుక దుమ్ములా రాలి చుట్టుపక్కల అన్నిటి మీదా పేరుకుంటుంది. కొట్టేసిన మోడుల మీద చిన్న విసనకర్రల్లా గుంపుగా వచ్చి, అడుగున రేకులు నిలువునా చీలినట్టుండేది స్కిజోఫిల్లమ్. ఇలా చాలా ఉన్నాయి, ఈ మూడూ గుర్తుపట్టగలిగితే మీకు మొదటి ఏడాది గడిచిపోతుంది.

రెండో విభజన కుళ్ళును బట్టి. చెక్కలో ముఖ్యంగా సెల్యులోజ్ అనే పీచు, దాన్ని పట్టి నిలబెట్టే లిగ్నిన్ ఉంటాయి. పీచును తినేసి లిగ్నిన్‌ను వదిలేస్తే గోధుమ రంగు ముక్కలు మిగులుతాయి, నలిపితే పొడైపోతాయి. అది గోధుమ కుళ్ళు. లిగ్నిన్‌ను కూడా తింటే తెల్లబడి మెత్తబడిన నార మిగులుతుంది. అది తెల్ల కుళ్ళు, గానోడెర్మా చేసేది ఇదే.

మూడోది, చెట్టులో ఎక్కడ కూర్చుందన్నది. కొమ్మలోనా, కాండం నడుమా, వేరు మొదట్లోనా? పుస్తకాల్లో దీన్ని చివర నాలుగు వాక్యాల్లో తేల్చేస్తారు. చెట్టు కింద కూర్చునే మనిషికి మాత్రం ముందు తెలియాల్సింది ఇదే. వేరు మొదట్లో చేరింది పైన ఆకులన్నీ పచ్చగా ఉండగానే చెట్టును పడగొట్టగలదు.

మస్తాన్ సాహెబు సున్నం

ఉదయగిరిలో చెక్క చెంచాలు, గరిటెలు చెక్కే పనివాళ్ళున్నారు. నేను చేరినప్పుడు వాళ్ళలో పెద్దవాడు మస్తాన్ సాహెబు. ఆయన చెక్క కోసం కొండెక్కినప్పుడల్లా సంచీ తగిలించుకుని వెంట వెళ్ళేవాణ్ణి. గొడ్డలి తిరగేసి కాండం మీద తట్టి, చెవి ఆనించి వినేవాడు. మంచి చెక్క గట్టిగా పలుకుతుంది, కుళ్ళింది డొల్లగా పలుకుతుంది. నేను మైక్రోస్కోపు కింద పెట్టి చెప్పేదాన్ని ఆయన అక్కడే నిలబడి చెప్పేవాడు.

ఒకరోజు తట్టిన చెట్టు డొల్లగా పలికింది. మొదట్లో చూస్తే గుర్రపు డెక్కంత ఫెల్లినస్ ఉంది. నేను ఆత్రంగా ఉలి తీశాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. నడుముకున్న చిక్కంలోంచి సున్నపు డబ్బా తీసి, నీళ్ళు కలిపి, చెట్టుకు రెండు వైపులా చేతి వెడల్పున పట్టీ పూశాడు.

"ఇదెందుకు సాహెబూ? మీకెలాగూ ఈ చెట్టు పనికిరాదు కదా."

"మనకి తెలిసిపోయె సార్, ఎనకొచ్చేవాడికి తెలవొద్దా? మేకలోళ్ళు దీని కిందే గదా పడుకునేది."

"మీ వాళ్ళందరూ ఇలాగే పూస్తారా?"

"పూయకుండా ఎట్ట సార్? ముందర సున్నం, ఎనక గొడ్డలి. మా నాయన అట్నే నేర్పించినాడు. ఇప్పుడు కోసుకో నీ పుట్టగొడుగు."

ఆ రోజు నా నోటు పుస్తకంలో ఫెల్లినస్ కొలతలు, రంగు, పొటాష్ చుక్కకు నల్లబడిన తీరు అన్నీ రాసుకున్నాను. సున్నం గురించి రాసుకోలేదు. అది పల్లెటూరి అలవాటు, శాస్త్రం కాదు అనుకున్నాను.

మా ప్రొఫెసర్ గారి మాట

నా పరిశోధనకు గైడుగా ఉన్న పెద్దాయన గొప్ప పండితుడు. కోపం కూడా అంతే గొప్పది. ఒకసారి నేను తొందరపడి ఒక నిమ్మతోట రైతుతో, మీ చెట్లకు వేరు కుళ్ళు పట్టింది, తీసేయండి అన్నాను. తర్వాత చూస్తే అవి వేళ్ళ దగ్గర నీళ్ళు నిలవడం వల్ల వాడిపోయాయి, అంతే. ప్రొఫెసర్ గారు పదిమంది ముందు నన్ను ఉతికి ఆరేశారు. "పేరు ఖాయమయ్యేదాకా నోరు మెదపకు. నీ పని నమూనా తెచ్చుకోవడం, జోస్యం చెప్పడం కాదు" అన్నారు.

ప్రయోగశాలలో అది మంచి సలహా. బయట అది చెడ్డ సలహా, ఈ మాట ఇప్పుడు మొహమాటం లేకుండా చెప్తున్నాను. కానీ తప్పంతా ఆయన మీదికి నెట్టను. నోరు మూసుకోమన్న ఆ మాట నాకు వీలుగా ఉండింది. మాట్లాడితే పడే చిక్కులన్నీ తప్పిపోయేవి, పైగా పద్ధతైన శాస్త్రవేత్త అని పేరు కూడా వచ్చేది.

పెంచలమ్మ గూడు

ఆత్మకూరులో నేను కాలేజీకి వెళ్ళే దారిలో పెద్ద తురాయి చెట్టు ఒకటి ఉండేది. దాని కింద పెంచలమ్మ సోమశిల చేపలు అమ్మేది. వాళ్ళ ఊరు డ్యాం నీళ్ళలో మునిగిన ఊళ్ళలో ఒకటి. "మా ఇంటి కప్పు మీదనే మా ఆయన వల యేస్తాడు సారూ" అని నవ్వుతూ చెప్పేది. రోజూ అనంతసాగరం వైపు నుంచి షేర్ ఆటోలో గంప తెచ్చుకుని, చెట్టుకు వీపు ఆనించి, కత్తిపీట ముందు వేసుకుని కూర్చునేది.

ఒకరోజు చేపలు కొనడానికి ఆగినప్పుడు చూశాను. ఆమె భుజం పక్కనే, చెట్టు మొదట్లో, చేటంత వెడల్పున గానోడెర్మా అర. ఏళ్ళ తరబడి పొర మీద పొర పేరుకుని ఉంది. అంత పెద్దది నేను అప్పటిదాకా చూడలేదు. పెంచలమ్మ దాని మీద పసుపు డబ్బా, వక్కాకు సంచీ పెట్టుకుని ఉంది. పైన పెంకంతా పసుపు మరకలు.

"అమ్మా, ఇది నాకు కావాలి."

"ఏంది, అదా? నా గూడు సారూ అది. సామాను పెట్టుకుంటా."

"కాలేజీకమ్మా. పిల్లలకు చూపించాలి."

"పిల్లోళ్ళకైతే తీసకపో. నాదేముండాది, ఒక రాయి తెచ్చి పెట్టుకుంటా."

నేను ఉలితో కోస్తుంటే ఆమె తన డబ్బా ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. ఉన్నట్టుండి అడిగింది. "పొద్దున్నే వచ్చేలకి ఇక్కడంతా ఎర్రదుమ్ము సారూ. గంప మూత మీద గూడా. లారీల దుమ్మనుకుంటిని. దీంట్లోదేనా?"

"దీన్దేనమ్మా. దీని విత్తనాల్లాంటివి."

"అయితే చెట్టుకి జబ్బా సారూ?"

ఇక్కడ ఆగి ఉన్నదున్నట్టు రాయాలి. అది గానోడెర్మా అని నాకు తెలుసు. వేరు మొదట్లో కూర్చుందని తెలుసు. అంత అర కట్టిందంటే లోపల ఎంత తినేసి ఉంటుందో తెలుసు. జాతి పేరు మాత్రం తేలలేదు. ప్రొఫెసర్ గారి మాట గుర్తొచ్చిందని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అసలు కారణం అది కాదు. జబ్బని తెలిస్తే చెట్టు కొట్టేస్తారు. కొట్టేస్తే, కోసిన చోట మళ్ళీ ఎలా పుడుతుందో, ఒక్కో వానకు ఎంత పెరుగుతుందో నేను కొలవలేను. మా ప్రాంతం నుంచి అలాంటి కొలతలు రాసినవాళ్ళు లేరు. ఆ రాసేవాణ్ణి నేనే కావాలనుకున్నాను.

"ఏం లేదులేమ్మా. పుట్టగొడుగు, అంతే" అన్నాను.

ఇంటికి వెళ్ళి ఆ అరను తిరగేసి, తెల్లటి అడుగు మీద పిన్నుతో ఊరు, చెట్టు, తేదీ, నా పేరు చెక్కాను. గానోడెర్మా అడుగున గీసింది ఎండిపోయాక అలాగే ఉండిపోతుంది.

పచ్చగానే ఉంది కదండీ

తర్వాతి వానల్లో అదే చోట తెల్లటి పెదవిలా కొత్త అర మొలిచింది. వారానికోసారి వెళ్ళి స్కేలు పెట్టి కొలిచేవాణ్ణి. పెంచలమ్మ ఎంతో మర్యాదగా గంప జరిపి చోటిచ్చేది. బేరానికొచ్చిన వాళ్ళతో, "మా చెట్టుకి సారు ఉండాడు, వారం వారం వచ్చి చూసిపోతాడు" అని గొప్పగా చెప్పేది. వానాకాలం పోయాక దాన్ని కూడా కోసుకున్నాను. నా పని శుభ్రంగా ఉంటుంది. ఉలితో నున్నగా చెక్కితే అక్కడ ఏదో ఉండేదని ఎవరూ పోల్చుకోలేరు.

ఆ ఎండాకాలం మొదట్లో రోడ్డు పక్క చెట్లను పరీక్షించడానికి ఒక ఇంజినీరు వచ్చాడు. ఎండినవి, తొర్రలు పడినవి, మొదట్లో పుట్టగొడుగులున్నవి గుర్తు పెట్టి కొట్టించేస్తున్నాడు. కుర్రవాడే గానీ పని తెలిసినవాడు. తురాయి చుట్టూ తిరిగాడు. పైన చూస్తే లేత చిగుళ్ళు. వంగి మొదలు చూస్తే నా ఉలి పుణ్యమా అని నున్నగా ఉంది. నేను అక్కడే చేపలు కోయించుకుంటున్నాను.

పెంచలమ్మ అంది, "దీన్నేం చూస్తావు నాయనా, ఈ సారు రోజూ చూస్తానే ఉండాడు. సారు చెట్ల చదువే గదా చెప్పేది."

ఇంజినీరు నా వైపు తిరిగాడు. "మీరేమంటారు సార్?"

"పచ్చగానే ఉంది కదండీ" అన్నాను.

అది అబద్ధం కాదు. అబద్ధం కాకుండా చూసుకుని మరీ అన్నాను. ఆయన నమస్కారం పెట్టి పక్క చెట్టు దగ్గరికి వెళ్ళాడు.

మీరు పోగొట్టుకోకూడనిది నమూనా కాదు, నమూనా ఉన్న చోట ఉన్న హెచ్చరిక. నేను మ్యూజియం కోసమని కోసుకున్నది ఆ చెట్టు తన గురించి బయటికి చెప్పగలిగిన ఒకే ఒక్క మాట. దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాను, చెప్పాల్సిన నేను కూడా చెప్పలేదు.

గాలివాన

చెట్టు నిండా పూత ఉన్న రోజుల్లో, మధ్యాహ్నం క్లాసులో ఉండగా గాలి లేచింది. నాలుగు చినుకులు పడ్డాయో లేదో, రోడ్డు వైపు పెద్ద చప్పుడైంది. ఏదో నాకు అక్కడే తెలిసిపోయింది. పరుగెత్తాను. చెట్టు రోడ్డుకు అడ్డంగా పడి ఉంది. తారు కనిపించకుండా ఎర్రటి పూలు.

నేను ముందు మొదలు దగ్గరికి వెళ్ళాను. దీన్ని నేను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేదు. మోకాళ్ళ మీద కూర్చుని విరిగిన చోట వేళ్ళు పెట్టాను. తెల్లగా, తడిగా, పోగులు పోగులుగా వేళ్ళకు అంటుకుంది. "తెల్ల కుళ్ళే" అని పైకే అన్నాను. నా లెక్క తప్పలేదన్న సంతోషం ఆ గొంతులో ఉంది. అప్పుడు కొమ్మల అవతల నుంచి మూలుగు వినిపించింది.

పదిమందిమి పట్టి కొమ్మ లేపాం. కింద పెంచలమ్మ. ఆటోలో ఆమె తల నా ఒళ్ళోనే పెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. నెల్లూరులో కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారు. రెండు రోజులు అక్కడే ఉన్నానని ఊళ్ళో అందరూ నన్ను మెచ్చుకున్నారు. చేపలమ్మే మనిషి కోసం లెక్చరరు ఎంత తిరిగాడో చూడండి అన్నారు. నేను కాదనలేదు.

పది అడుగులు

అనంతసాగరం వైపు వాళ్ళిప్పుడుంటున్న ఊరికి వెళ్ళడానికి నాకు చాలా నెలలు పట్టింది. మొదటి అరను గుడ్డలో చుట్టుకుని తీసుకెళ్ళాను. పెంచలమ్మ పంచలో మంచం మీద కూర్చుని వల బాగుచేస్తోంది. చెప్పాల్సినవన్నీ దారిలోనే వరస పెట్టుకున్నాను. పేరు తేలకపోవడం, ప్రొఫెసర్ గారి మాట, చెట్టు కొట్టేస్తారని భయం. గుడ్డ విప్పగానే ఆమె చేతిలోకి తీసుకుంది.

"నా గూడే. పసుపు ఇంకా పోలా చూడు." తిప్పి చూసింది. "ఇదేంది రాసినావు?"

చదివాను. ఊరు, చెట్టు, తేదీ, నా పేరు.

"చెట్టుకి జబ్బని నీకు అప్పుడే తెలుసునా సారూ?"

"తెలుసు."

"నేనడిగితిని గదా."

"అడిగావు."

వల కన్నులు రెండు ముడేసింది. తల ఎత్తకుండానే అంది. "చెట్టు పడినప్పుడు నువ్వు ముందర మొద్దు కాడికి పోయినావు. కొమ్మల్లోంచి నాకు కనపడతానే ఉన్నావు. నా కోసరమే ఎతకతన్నావనుకుంటిని."

నేను అర చుట్టి తెచ్చిన గుడ్డను మడత పెట్టాను. ఆమే మళ్ళీ అంది.

"చెప్పుంటే జరిగి కూచునేదాన్ని గదా సారూ. అవతల గోడ నీడ ఉన్నింది. పది అడుగులు."

చెట్టు కొట్టేయాలా, ఉంచాలా, పేరు తేలిందా, లేదా అని నేను పడిన మథనంలో ఆ పది అడుగులు ఒక్కసారి కూడా లేవు. చెట్టూ ఉండేది, నా కొలతలూ ఉండేవి, ఆమె కాలూ ఉండేది. ఆమె నాకు అడ్డం కాలేదు. అసలు ఆమె నా లెక్కలోనే లేదు. ఇంతకంటే సిగ్గుపడాల్సింది నా బతుకులో ఇంకొకటి లేదు.

క్షమించమన్నాను.

"ఆ మాట అడగబాక సారూ. నేనేం జెప్పాల దానికి?" అని అరను నా చేతిలో పెట్టింది. "తీసకపో. పిల్లోళ్ళకని గదా తీసకపోయినావు, చూపించు. దీని కాడ ఎవురు కూచోనుండిందో గూడా చెప్పు."

పసుపు మరకలు

చూపించాను. ప్రతి బ్యాచికీ చూపించాను. పెంకు చూడండి, రంధ్రాలు చూడండి, ఏడాదికో పొర చూడండి అన్నాను. ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడిగేవారు, "సార్, పైన ఈ పసుపు మరకలేంటి? ఈ జాతి లక్షణమా?" అని.

"కాదు, పైనుంచి అంటుకున్నవి" అనేవాణ్ణి. ఆమె చెప్పమన్న రెండో మాట రిటైరయ్యేదాకా నా నోట రాలేదు. మొదటిసారి పేరు కోసం దాచాను, తర్వాత పరువు కోసం దాచాను. అందుకే ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. ఇది అచ్చయ్యాక అనంతసాగరం వైపు ఆటో ఎక్కి వెళ్ళి పెంచలమ్మకు చదివి వినిపిస్తాను. ఆమె ఏమంటుందో తెలియదు, ఏమీ అనకపోవచ్చు.

మీకు చెప్పేది ఇంతే. పేర్లు మారతాయి, జట్లు మారతాయి, నేను నేర్పిన వర్గీకరణ మీ చేతుల్లోనే మారింది. ఉలి తీసే ముందు సున్నం తీయండి. చెట్టు కింద ఎవరున్నారో చూసి, మీకు తెలిసినంత మేరకు, అప్పటికప్పుడే వాళ్ళకు చెప్పండి.

నిన్న కాలేజీకి వెళ్ళాను. ఇప్పుడున్న మేడం బీరువా తెరిచి ఇచ్చింది. అరకు అడుగున ఇక గీయడానికి తెలుపు మిగల్లేదు, అందుకని పెట్టె చీటీ మీదే, నా పేరు కింద, పెన్నుతో రాశాను:

"చెట్టు కింద కూర్చున్న మనిషి: పెంచలమ్మ, చేపలు అమ్మేది. చెట్టుకు జబ్బా అని అడిగింది. లేదని సేకరించినవాడు చెప్పాడు."